హారర్ కామిక్స్ తప్ప వేరేవి చదవబుద్ధి కావట్లేదు, మీరంతా అన్ని రకాలూ చదువుతారా?

గుత్తి_అమ్మాయి

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా గుత్తి, ఉద్యోగం బెంగళూరులో, వీలున్నప్పుడల్లా ఊరికి వస్తుంటా. కామిక్స్ అంటే శానా ఇష్టం కానీ నేను చదివేది ఒకటే రకం, హారర్. జపాన్‌లో హారర్ గీసే జుంజి ఇటోవి దొరికినవన్నీ చదివేసినా. ఉజుమాకి అయితే అట్ట ఊడేదాకా తిరగేసినా, ఊరు ఊరంతటికీ సుడి పిచ్చి పట్టే కథ అది, బడిపిల్లోడి వీపు మీద నత్తగుల్ల లేచే పేజీ ఉంటుంది చూడండి, అది వస్తాదని తెలిసి కూడా పేజీ తిప్పేముందు ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది నాకు.

మా చిన్నాయన కొడుకు ఉన్నాడు, వాడు అన్నీ చదువుతాడు, సూపర్‌హీరో, స్పోర్ట్స్, లవ్, హిస్టరీ, ఏది చేతికి దొరికితే అది. మొన్న పండక్కి వచ్చినప్పుడు అన్నాడు, "ఒకే జానర్ పట్టుకుని కూర్చుంటే కామిక్స్ చదివినట్టు ఎట్లవుతుందక్కా" అని. ఆ మాట మనసులో ఉండిపోయింది. వాడిచ్చిన సూపర్‌హీరో పుస్తకం మొదలుపెట్టినా, బొమ్మలు బాగున్నాయి, కానీ ఎప్పటినుంచో చదువుతున్నోళ్లకి మాత్రమే అర్థమయ్యే సంగతులు అడుగడుక్కీ వస్తుంటే సగంలో పక్కన పెట్టేసినా.

మీరు ఎట్ల చదువుతారు? ఒకదాంట్లోనే ఉండిపోయినారా, అన్నీ తిరిగినారా? తిరిగినోళ్లు మొదట ఎట్ల దాటినారో చెప్పండి. ఇంకోటి, మాంగా, అంటే జపాన్ కామిక్స్, ఒక్క వాల్యూమ్ నాలుగైదు వందలు పెట్టాలి, తెలియని దానిమీద అంత పెట్టాలంటే చెయ్యి రాదు నాకు. ఈ ఇబ్బంది నాకొక్కదానికేనా?

ఏడురోడ్లు_కడప

మంచి ప్రశ్న వేసినావమ్మా. నీకంటే పెద్దోన్ని, నా పెన్షన్ మొత్తం పుస్తకాలకే పోతాదని ఇంట్లో అంటుంటారు, కాబట్టి రొంత పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

నా లెక్కలో రీడర్ ఏ జానర్ చదువుతాడనేది సగానికి సగం వాడి ఎదురుగా ఏముంది అనేదాన్ని బట్టే ఉంటుంది. మా చిన్నతనంలో కడపలో అద్దె పుస్తకాల షాపులు ఉండేవి, ఇంటికి తీసుకుపోతే ఒక రేటు, అక్కడే బెంచీ మీద కూర్చుని చదివితే ఒక రేటు. అక్కడ మేం ఏరుకునేది లేదు, ఏది బయట ఉంటే అది చదవడమే. అమర్ చిత్ర కథలో పురాణం, ఆ పక్కన ఫాంటమ్, ఆ కింద అట్ట లేని డిటెక్టివ్ నవల, అన్నీ ఒకే తాడుకు వేలాడేవి. ఆ అమర్ చిత్ర కథనే తీసుకో, 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టినాడు, అందులో కృష్ణుడూ ఉన్నాడు, ఝాన్సీ రాణీ ఉంది, బీర్బల్ హాస్యమూ ఉంది. అద్దె కాబట్టి నచ్చకపోతే పోయేది పావలా. నువ్వడిగిన నాలుగైదు వందల సంగతి అసలు సంగతి అమ్మా, పుస్తకం కొనాల్సి వచ్చినప్పుడు మనిషి తెలిసిన దారే పడతాడు. అది నీ రుచి తప్పు కాదు.

అమెరికా వాళ్ల సంగతి చూడు. 1940ల చివర్లో అక్కడ కామిక్స్‌లో లేని రకం లేదు, క్రైమ్, వెస్టర్న్, హారర్, 1947లో జో సైమన్, జాక్ కిర్బీ కలిసి యంగ్ రొమాన్స్ అని ప్రేమకథలు కూడా మొదలుపెట్టినారు. సూపర్‌హీరోల బొమ్మలతో పేరు తెచ్చుకున్న ఆ కిర్బీనే, అవును. 1954లో పిల్లలు చెడిపోతున్నారని సెనేట్‌లో విచారణ జరిగింది, ఆ దెబ్బకు పబ్లిషర్లే భయపడి కామిక్స్ కోడ్ అని ఒకటి పెట్టుకున్నారు. పేరులో హారర్ అనే మాట ఉండకూడదు, రక్తపిశాచి ఉండకూడదు, తోడేలు మనిషి ఉండకూడదు, నడిచే శవం ఉండకూడదు. నువ్వు చదివే రకం మొత్తం ఒక్క కాగితంతో షాపుల్లోంచి పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు సూపర్‌హీరోలే రాజ్యమేలినారంటే చదివేవాళ్లు వేరేవి వద్దన్నారని కాదు, వేరేవి లేకుండా పోయినాయి కాబట్టి. ఆ కోడ్‌ని చివరి పబ్లిషర్లు వదిలేసింది 2011లో, అంటే నిన్న మొన్న.

జపాన్‌లో కథ వేరుగా నడిచింది. యుద్ధం తర్వాత అక్కడా మనలాగే అద్దె పుస్తకాల షాపులు వీధి వీధికీ ఉండేవి, వాటికోసమే ప్రత్యేకంగా మాంగా గీసేవాళ్లు ఉండేవాళ్లు. నీ జుంజి ఇటో గురువుగా చెప్పుకునే కజువో ఉమెజు అట్ల పైకొచ్చినవాడే. షిగెరు మిజుకి కూడా అంతే, దయ్యం పిల్లోడు కిటారో కథలు గీసినాయన. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో న్యూ గినియా వైపు రబౌల్ దగ్గర ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు, మిగిలిన ఒక్క చేత్తోనే జీవితాంతం గీసినాడు. దయ్యాల కథలు గీసిన ఆ చేత్తోనే 1973లో తన యుద్ధం గురించి ఒక పుస్తకం గీసినాడు, ఇంగ్లీషులో ఆన్‌వర్డ్ టువర్డ్స్ అవర్ నోబుల్ డెత్స్ అనే పేరుతో దొరుకుతుంది. అందులో దయ్యం ఒక్కటీ లేదు, ఆకలి, బురద, చావమని ఆర్డర్ వేసే ఆఫీసర్లు. నీకు భయం అంటే ఇష్టం కదా, మొదట అది చదువు. ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం.

టెక్స్_అభిమాని_రాజంపేట

అందరూ అన్నీ చదవాలనే రూల్ ఎవరు పెట్టినారు సిస్టర్? మా అమ్మగారి వైపు తమిళం, అందుకని నాకు చిన్నప్పటినుంచి శివకాశి నుంచి వచ్చే లయన్, ముత్తు కామిక్స్ అలవాటు. ముత్తు 1972లో మొదలైంది, లయన్ 1984లో, ఇటలీ, ఫ్రాన్స్, బెల్జియం కథలు తెచ్చి తమిళంలో వేస్తారు. నేను అందులో టెక్స్ విల్లర్ తప్ప వేరే దానికోసం ఆరాటపడను. 1948లో ఇటలీలో పుట్టిన కౌబాయ్ కథ, ఇప్పటికీ కొత్తవి వస్తూనే ఉన్నాయి.

ఒకే జానర్‌లో ఉండిపోయినోడికి దొరికేది తిరిగేవాళ్లకు దొరకదు అని గట్టిగా నమ్ముతా. ఒకే టెక్స్‌ని ఎంతమంది ఆర్టిస్టులు గీసినారో, ఒకాయన ఎడారి ఎండని తెల్లగా వదిలేసి చూపిస్తాడు, ఇంకొకాయన నీడలతో నింపుతాడు, గుర్రం కాళ్లు చూస్తే చాలు ఎవరు గీసినారో చెప్పేస్తా. అట్లాంటి చూపు రావాలంటే ఒకేచోట చాన్నాళ్లు ఉండాల. ఇంకో మాట, బయట నుంచి చూస్తే వెస్టర్న్ ఒక్కటే అనిపిస్తుంది కానీ టెక్స్‌కి మెఫిస్టో అని మంత్రగాడు పగవాడు ఉన్నాడు, నువ్వు చదివితే ఆ కథలు నీ హారరే అంటావు. నీకు హారర్‌లో తనివి తీరలేదంటే తీరేదాకా అక్కడే ఉండు, మీ తమ్ముడి మాట పట్టించుకోవద్దు.

ప్రొద్దుటూరు_పేజీలు

అక్కా నేను డిగ్రీ చదువుతున్నా, నాది వేరే దారి, నేను జానర్ పట్టుకుని పోను, గీసినోళ్లని పట్టుకుని పోతా. డెత్ నోట్ చదివి పిచ్చెక్కిపోయింది నాకు, పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోయే నోటుబుక్కు కథ అది, కథ సుగుమి ఓబాది, బొమ్మలు తకేషి ఒబాటావి, ఆ బొమ్మలు వదల్లేక ఆయన అంతకుముందు ఏం గీసినాడా అని వెతికితే హికారు నో గో దొరికింది, అది గో అనే బోర్డు ఆట మీద, మనకు ఆ ఆట రానే రాదు, హత్యల్లేవు, పోలీసుల్లేవు, అయినా రాత్రంతా కూర్చుని చదివినా.

ఎందుకు చదవగలిగినానో చెప్తా. హికారు మొదట్లో గో రాయిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటాడు, రానివాళ్లు పట్టుకునేట్టు. ఆట వచ్చినవాళ్లు చూపుడువేలు, నడిమివేలు మధ్య పట్టి బోర్డు మీద పెడతారు. పోను పోను ఆ పిల్లోడి వేళ్లు మారతాయి, కథలో అదే పెద్ద మలుపు అనిపించింది నాకు, మాటల్లో చెప్పకుండా చేతి బొమ్మతోనే చెప్పేస్తాడు. డెత్ నోట్‌లో పెన్ను పట్టుకుని పేర్లు రాసే ఆ చెయ్యి గుర్తుందా, ఆ చేతుల్ని గీసిన మనిషే ఇదీ గీసినాడు. ఆ లింకు దొరికినాక ఇంక జానర్ ఏదైతే ఏం అనిపించింది.

నీకు అట్లాంటి లింకు నీ జుంజి ఇటోలోనే ఉందక్కా! ఆయన తన ఇంట్లో పిల్లుల మీద ఒక పుస్తకం గీసినాడు, యోన్, ము అని రెండు పిల్లులు. గీతంతా ఉజుమాకి గీతే, అవే నల్లటి నీడలు, అవే గుడ్లు తేలేసిన మొహాలు, కానీ జరిగేది ఏమంటే పిల్లి ఆయన ఒళ్లో కూర్చోకుండా ఆయన భార్య దగ్గరికే పోతుంది, ఈయన కుళ్లుకుంటాడు, అంతే! నవ్వి నవ్వి కడుపు నొప్పి వస్తుంది. ఆయన గీతే కాబట్టి నీ డబ్బులు ఎక్కడికీ పోవు.

ఇంకా జపాన్ పత్రికలు ఎట్ల వేస్తారో కూడా చూడు, షోనెన్ జంప్ అనే వారపత్రిక ఉంది కదా, అందులో వన్ పీస్, డెత్ నోట్, హికారు, బాస్కెట్‌బాల్ మీద స్లామ్ డంక్, అన్నీ ఒకే పత్రికలో వచ్చినాయి. అది కొన్నవాడు తనకు కావాల్సిన కథ కోసం కొన్నా మిగతావి కూడా చేతిలోకి వచ్చేస్తాయి, కడప పెదనాన్న చెప్పిన తాడు లాగానే.

గుత్తి_అమ్మాయి

పిల్లుల పుస్తకం సంగతి నిజంగా తెలీదు నాకు! ఇన్నేళ్లుగా ఆయన పుస్తకాలు చదువుతూ దాన్ని ఎట్ల చూడలేదో. ఏడురోడ్లు పెదనాన్నా, కోడ్ సంగతి చదివినాక ఒక విషయం అర్థమైంది, నేను పాత అమెరికా హారర్ వెతికినప్పుడల్లా 1954 దగ్గర ఆగిపోతుండేది, ఎందుకో అనుకునేదాన్ని. రాజంపేట అన్నా, గుర్రం కాళ్ల మాట మా తమ్ముడికి ఫోన్ చేసి మరీ చదివి వినిపించినా.

ధర్మవరం_శెనక్కాయ

నేను కత్తియుద్ధాలు తప్ప చదవని రకం. వాగబాండ్ అందుకే మొదలుపెట్టినా, తకెహికో ఇనొవే 1998లో మొదలుపెట్టినాడు, ముసాషి అనే కత్తి వీరుడి కథ. మధ్యలో కొన్ని వాల్యూమ్‌లు కత్తి పక్కన పెట్టేసి సేద్యం చేస్తాడు ముసాషి, ఒక బీడుపడిన పల్లెలో, తిండి లేని జనం మధ్య. ఆన్‌లైన్‌లో శానామంది ఆ భాగం బోరు, కథ ఆగిపోయింది అంటారు. నాకు ఆ భాగమే ప్రాణం. మా నాయన శెనక్కాయ రైతు, వాన కోసం ఆకాశం చూసే మొహం నాకు తెలుసు, ఇనొవే గీసిన ఆ మొహాలు అవే. నీళ్లు ఎటు పోతున్నాయి, మట్టి ఎట్లుంది అని ముసాషి మోకాళ్ల మీద కూర్చుని తడిమి చూసే పేజీలు మా నాయనకు ఫోన్‌లో చూపించినా, ఆయన ఇంగ్లీషు చదవలేడు, బొమ్మలు చూసి "వీడికి ఇంకా సేద్యం రాలేదు, పై మట్టి మాత్రమే చూస్తాండాడు" అన్నాడు. కథలో కూడా అదే జరుగుతుంది, ముందు ఓడిపోతాడు ముసాషి.

అప్పటినుంచి సేద్యం, పల్లె, తిండి మీద ఉండే కామిక్స్ వెతుక్కుంటాండా. కత్తి కోసం పోతే మడి దొరికింది నాకు. అక్కా నువ్వు కావాలని దాటాల్సిన పని లేదు, నీకు నచ్చిన పుస్తకమే ఏదో ఒకచోట నిన్ను పక్కకి తీసుకుపోతాది, పోనియ్.

బురుజు_కర్నూలు

లేటుగా చూసినా ఈ థ్రెడ్. నేను కూడా ఒకే రకం వాన్నే, సైన్స్ ఫిక్షన్. ఒక పుస్తకం మాత్రం నన్ను బయటికి లాగింది, అది చెప్పాలని రాస్తున్నా.

ఓరిజిత్ సేన్ అనే ఆయన 1994లో రివర్ ఆఫ్ స్టోరీస్ అని గీసినాడు, నర్మద మీద డ్యాము, అక్కడి ఆదివాసీల పోరాటం మీద. మన దేశంలో వచ్చిన మొదటి గ్రాఫిక్ నవలల్లో ఒకటిగా దాన్ని చెప్తారు. విష్ణు అనే కుర్ర జర్నలిస్టు ఒకవైపు, నది పుట్టుక పాటగా పాడే మాల్గు గాయన్ ఒకవైపు. ఫ్రెండు రూములో టేబుల్ మీద ఉంటే ఊరికే తెరిచినా, నాకు ఇట్లాంటివి నచ్చవు అనుకుంటూనే.

మా జేజినాయన వాళ్ల ఊరు శ్రీశైలం డ్యాము నీళ్లలో పోయింది. కృష్ణా, తుంగభద్ర కలిసే చోట, సంగమేశ్వరం వైపు. ఆ డ్యాము కింద వందకు పైగా ఊర్లు మునిగినాయి, సంగమేశ్వరం గుడి ఇప్పటికీ ఎండాకాలం నీళ్లు తగ్గితేనే పైకి కనిపిస్తుంది, కూడవెల్లి గుడిని మాత్రం రాయి రాయి విప్పి అలంపురం తీసుకుపోయి కట్టినారు. ఇండ్ల సంగతి అట్లా జరగలేదు. మా జేజి బతికున్నన్నాళ్లు ఊరు పేరు చెప్పకుండా "ఆ పక్క" అనేది, అంతే, ఇంక ఒక్క మాట కూడా చెప్పేది కాదు. ఆ పుస్తకంలో ఊరు ఖాళీ చేయాలని వచ్చి చెప్పేటప్పుడు జనం మొహాలు చూస్తుంటే ఆమె చెప్పనివన్నీ అక్కడ గీసి ఉన్నట్టు అనిపించింది. మా నాయనకు చూపించి, మీ ఊర్లో ఎట్ల జరిగింది అని మొదటిసారి అడిగినా. ఆ రోజు రాత్రి పన్నెండు దాకా చెప్పినాడు, ఏ వీధిలో ఎవరి ఇల్లు, బావి ఎక్కడ, సామాన్లు ఎడ్లబండి మీద ఎట్ల వేసినారు, అన్నీ.

తర్వాత భీమాయన కూడా చదివినా, అంబేడ్కర్ జీవితం, గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీసినారు, అందులో మనం చూసే గళ్లే ఉండవు, పేజీలో జంతువులు, నీళ్లు, మనుషులు ఒకదాంట్లోంచి ఒకటి పారుతుంటాయి. సైన్స్ ఫిక్షన్ వదల్లేదు, ఇప్పటికీ నెలనెలా కొనేది అదే. కానీ ఈ రెండూ లేకుండా నా బీరువా ఊహించుకోలేను.

గుత్తి సిస్టర్, నువ్వు బెంగళూరులోనే ఉన్నావు కదా, రివర్ ఆఫ్ స్టోరీస్ చాలా ఏళ్లు దొరకలేదు కానీ 2022లో చెన్నై బ్లాఫ్ట్ వాళ్లు మళ్లీ వేసినారు, చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో అడిగి చూడు. కొనే ముందు చూడాలనుకుంటే నా కాపీ ఇస్తా, కర్నూలు నుంచి బెంగళూరు పోయే బండి గుత్తి మీదుగానే పోతుంది, నువ్వు ఊర్లో ఉన్నప్పుడు చెప్పు, స్టేషన్‌లో ఇచ్చి పోతా.

గుత్తి_అమ్మాయి

అన్నా తప్పకుండా. వచ్చే శని, ఆదివారాలు ఊర్లోనే ఉంటా, టైం మెసేజ్ చెయ్యండి. బదులుగా ఉజుమాకి తెస్తా, సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లకు ఆ సుడి నచ్చుతుంది, కానీ నత్త పేజీలు అన్నం తినేటప్పుడు మాత్రం తెరవద్దు.