పసిరిక పిట్టలు తేనెటీగల పెట్టెల్ని ఖాళీ చేస్తాయా?

పెట్టెల_బాబాయ్:
తాడికొండ పక్కన మిర్చి చేల గట్టు మీద ఇటాలియన్ ఈగల పెట్టెలు పెట్టాను. కరెంటు తీగ మీద పసిరిక పిట్టలు వరసగా కూర్చుని వచ్చిన ఈగని వచ్చినట్టే పట్టేస్తున్నాయి. పెట్టెలు సగం ఖాళీ. వల, టపాకాయలు, ఉండేలు, వీటిలో ఏది పనిచేస్తుంది? అనుభవం ఉన్నవాళ్లే చెప్పండి. పిట్టల ఫొటోలు తీసేవాళ్లకి ఓ దణ్ణం.

కృష్ణలంక_బైనాక్యులర్:
దణ్ణం అందింది, అయినా రాస్తాను. ఉండేలు ఎత్తితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. పసిరిక ఈగని కొమ్మకేసి బాది, ముల్లు రుద్ది తీసేశాకే మింగుతుంది. అంత తీరిగ్గా తినే పిట్ట పెట్టెలు ఖాళీ చేస్తుందా? సీజన్లో రాణి రోజుకి వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. మీ ఈగల్ని ఎత్తుకుపోయే కందిరీగల్ని కూడా ఆ పిట్టే తింటుంది, అది మర్చిపోకండి.

పెట్టెల_బాబాయ్:
గుడ్లు పెట్టడానికి రాణి ఉండాలి కదండీ. కొత్త రాణి జతకట్టడానికి బయటికి ఎగిరినప్పుడు పిట్ట నోట్లో పడితే? ఆ పెట్టె పనైపోయినట్టే. దీనికి చెప్పండి.

అరండల్‌పేట_కుర్రోడు:
తొండలు, చీమలు కూడా తింటాయి. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారా?

జుంటితేనె:
మైనం పురుగు ఉందేమో చూసుకో అన్నా. ఫ్రేముల నిండా బూజులాగా అల్లేస్తుంది.

కృష్ణలంక_బైనాక్యులర్:
ఒక్కటే అడుగుతాను. పెట్టెల ముందు చచ్చిన ఈగలు ఉన్నాయా, లేవా? పిట్ట తింటే శవం మిగలదు.

పెట్టెల_బాబాయ్:
పూత లేని రోజుల్లో ఆకలికి కొన్ని చస్తాయి. అందుకే పంచదార పాకం పోస్తాను.

జుంటితేనె:
ఆహా! నేను హైవే పక్కన కొన్న సీసా అడుగున పంచదార పేరుకుంది అందుకేనా? డబ్బులు తగలేశాను.

పెట్టెల_బాబాయ్:
తేనె గడ్డకట్టినంత మాత్రాన కల్తీ కాదు. గ్లూకోజు ఎక్కువుంటే అసలు తేనె కూడా పేరుకుంటుంది. పాకం ఈగల కడుపుకి, సీసాలోకి కాదు.

కృష్ణలంక_బైనాక్యులర్:
పాకంతో ఎగరగలవు, పిల్లల్ని పెంచలేవు. పిల్లలకి మాంసకృత్తులు వచ్చేది పుప్పొడి నుంచే. సరే, మాట మార్చకండి. చచ్చినవి నాలుక బయటికి చాచి ఉన్నాయా? అది పురుగుమందు దెబ్బకి గుర్తు.

పెట్టెల_బాబాయ్:
ఉన్నాయయ్యా! కుప్పలు కుప్పలుగా ఉన్నాయి! గట్టు ఆసామి పొద్దున్నే పూత మీద మందు కొట్టాడు. ఏమని అడగను? పెట్టెలు తీసెయ్యమంటే రాత్రికి రాత్రి ఎక్కడికి మోసుకుపోను? పిట్టనైతే ఎంత తిట్టినా తిరిగి అనదు.

మిర్చి_మేస్త్రి:
ఇంతసేపూ చదువుతున్నా. ఆ గట్టు నాది కాదు గానీ నాలాంటోడిదే. 2021లో నల్ల తామర పురుగొచ్చి చేలు పీకేసుకున్నాం. మందు కొట్టక దండం పెట్టమంటారా? మిర్చి పువ్వు తన పుప్పొడితోనే కాయ కాస్తుంది. ఈగలు వచ్చేది మీ సీసాల కోసం. గట్టుకి అద్దె ఇస్తున్నారా?

పెట్టెల_బాబాయ్:
ఈగ వాలితే కాయ ఇంకా బాగా నిలుస్తుంది. ఆ లాభానికి మేం అద్దె అడిగామా? సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టండి, లేదా ముందురోజు ఒక్క ఫోను చెయ్యండి. తలుపులు మూసుకుంటాం.

మిర్చి_మేస్త్రి:
కూలోళ్లు దొరికినప్పుడే మందు. సాయంత్రం ఎవరొస్తారు? ఫోను అంటున్నారు, పెట్టెలు దించిన రోజు ఆసామికి నంబరు ఇచ్చారా? ఒక్క సీసా అయినా ఇచ్చారా?

పెట్టెల_బాబాయ్:
సంక్రాంతికి ఇచ్చాను. "ఇంతేనా" అన్నాడు.

అరండల్‌పేట_కుర్రోడు:
ఇంతకీ గొడవ సీసా దగ్గరా, మందు దగ్గరా?

కృష్ణలంక_బైనాక్యులర్:
ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు అయితే సాయంత్రం కొట్టినా మొక్క రసంలో కలిసి మకరందంలోకి, పుప్పొడిలోకి చేరుతుంది. ఈగ తినేదే అది. ఏం మందో ఆసామిని ముందు కనుక్కోండి. పిట్టల్ని వదిలేసినట్టే కదా?

పెట్టెల_బాబాయ్:
వదల్లేదు. రాణి సంగతికి నువ్వింకా జవాబు చెప్పలేదు.