పనిచేస్తున్న టూల్‌ని లైబ్రరీ పాతదైందని తీసెయ్యడం సబబేనా?

మిణుగురు:
నేను చూసుకునే నాలుగు లినక్స్ మెషీన్లనీ చాలా ఏళ్ల తర్వాత కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేశాను. చూస్తే ఎఫ్ఎస్‌లింట్ మాయం. డూప్లికేట్ ఫైళ్లు ఏరడానికి ఇన్నాళ్లూ అదే వాడాను, ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. దాని విండో పైథాన్ భాష పాత వెర్షన్ పైథాన్ 2లో, విండోలు గీసే జీటీకే2 లైబ్రరీని పైథాన్‌కి కలిపే పైజీటీకే మీద రాసిందట. ఆ రెండూ పోయాయి కాబట్టి ఇదీ పోయిందట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు లేదూ? పాత డెబ్ ఫైళ్లు (ఇన్‌స్టాల్ ప్యాకేజీలు) ఎక్కడినుంచైనా తెచ్చి వేసేద్దామా అని చూస్తున్నాను. మీరేమంటారు?

గడపమాను:
వెయ్యకండి. ఇవాళ ఎక్కుతాయేమో, రేపటి అప్‌గ్రేడ్‌లో డిపెండెన్సీలు, అంటే ఒక ప్యాకేజీకి కావలసిన మిగతా ప్యాకేజీలు, పీటముడి పడతాయి.

ఇక తీసెయ్యడం సబబా అంటే, సబబే. పైథాన్ 2ని 2015లోనే ఆపాలనుకుని, జనం మారడం లేదని 2020 జనవరి 1 దాకా పొడిగించారు. డెబియన్ లినక్స్ ఇంకా ఓపిక పట్టి 2023లో బుక్‌వార్మ్ వెర్షన్‌తో వదిలించుకుంది. ఇంతకన్నా ఎంత గడువిస్తారు? డెబియన్ లాంటి డిస్ట్రోలో ఒక ప్యాకేజీ ఉందంటే, రేపు అందులో భద్రతా లోపం బయటపడితే సరిచేసే మనిషి ఒకడున్నాడని మనం నమ్ముతాం. పైజీటీకేకి ఆ మనిషి లేడు.

జీకేసూ గుర్తుందా? విండో ప్రోగ్రామ్ మొత్తాన్నీ రూట్‌గా, అంటే సర్వాధికారాలతో, నడిపించేది. తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్‌లో కొట్టిన అక్షరాలను ఇంకోటి వినగలదు కాబట్టి అది ప్రమాదమే. 2018లో డెబియన్ తీసేసినప్పుడు పెద్ద గోల. ఇప్పుడు పోల్‌కిట్ అనే అనుమతుల సేవ వల్ల ఏ పనికి అధికారం కావాలో ఆ పనికే పాస్‌వర్డ్ అడుగుతోంది. జీకేసూ కావాలని ఎవరైనా ఏడుస్తున్నారా?

నత్తనడక:
జీకేసూ మీకు అనువైన ఉదాహరణ. దాని పద్ధతిలోనే తప్పుంది. ఫొటో ఎడిటర్ గింప్ సంగతి చెప్పండి. జీటీకే అన్న పేరులో మొదటి అక్షరమే గింప్‌ది, ఆ ఎడిటర్ కోసం పుట్టిన టూల్‌కిట్ అది. జీటీకే3 వచ్చింది 2011లో. గింప్ దాని మీదికి మారి 3.0గా వచ్చింది 2025 మార్చిలో. సొంత ఇంట్లోనే పద్నాలుగేళ్లు పట్టింది! ఈలోగా 2020లో జీటీకే4 కూడా వచ్చేసింది. రాత్రిపూట తీరిక చేసుకుని రాసే ఒంటరి డెవలపర్ ఏమైపోవాలి? కొత్త లైబ్రరీ మీదికి పోర్ట్ చెయ్యడం అంటే పేర్లు మార్చడం కాదు. డ్రాయింగ్ పద్ధతి, థీమ్‌లు, మెనూలు అన్నీ మళ్లీ రాయాలి. రాశాక వాడేవాడికి కనిపించే లాభం సున్నా.

మ్యూజిక్ ప్లేయర్ ఆడేషియస్ జీటీకే3కి వెళ్లి, నచ్చక 2015లో మళ్లీ జీటీకే2కి వెనక్కొచ్చింది. చివరికి 2020లో జీటీకేకే దణ్ణం పెట్టి క్యూటీ అనే మరో టూల్‌కిట్‌ని ప్రధానం చేసుకుంది. లైబ్రరీ రాసేవాళ్ల తొందరకి టూల్ రాసేవాళ్లు ఎందుకు కూలి కట్టాలి?

గడపమాను:
ఆ ఆడేషియస్ ముత్తాత ఎక్స్ఎంఎంఎస్ జీటీకే1లో ఉండేది. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పేర్చే పాంగో 2002లో జీటీకే2తోనే వచ్చింది. జీటీకే1 దగ్గరే ఆగి ఉంటే పాట పేరు తెలుగులో చదవగలిగేవాళ్లమా? వాడేవాడికి లాభం సున్నా అనకండి. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్ జీటీకే2కి తెలియదు. ఎక్కువ రిజల్యూషన్ తెరల మీద దాని బటన్లు చీమల్లా కనిపిస్తాయి.

కూలి విషయం మాత్రం ఒప్పుకుంటాను.

చిలక్కొయ్య:
మధ్యలో వస్తున్నాను. పాత టూల్ తప్పదంటే ఒక డిస్ట్రోలో ఇంకో డిస్ట్రోని నడిపే డిస్ట్రోబాక్స్‌లో పాతది పెట్టుకుని నడపొచ్చు, మెషీన్ పాడవదు. కానీ అందులో పెట్టాం కాబట్టి భద్రం అనుకోవద్దు. డిస్ట్రోబాక్స్ మామూలుగా మీ హోమ్ డైరెక్టరీ అంతా లోపలికి ఇచ్చేస్తుంది. పైగా ఇది ఫైళ్లు తుడిచే టూల్, ఇవ్వకపోతే పనే జరగదు. తలుపుకి తాళం వేసి గోడ తీసేసినట్టు.

ఇంతకీ మిణుగురు గారూ, మీకు కావలసింది ఆ విండోనా, ఆ పనా? ఎఫ్ఎస్‌లింట్‌లో పైథాన్ 2 ఉన్నది ఎక్కువగా పైకి కనిపించే ముఖంలోనే. అసలు వెతికే పని ఫైండప్ లాంటి షెల్ స్క్రిప్టులు (టెర్మినల్‌లో నడిచే ఆదేశాల ఫైళ్లు) చేసేవి. పని, ముఖం వేరుగా ఉన్న టూల్స్‌ని బతికించడం తేలిక. నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ చూడండి, 2015లో 2.0తో జీటీకే నుంచి క్యూటీకి మారింది. ప్యాకెట్లు విప్పే కోడ్ అలాగే ఉంది, విండో లేని దాని రూపం టీషార్క్ వాడేవాళ్లకైతే ఏమీ తెలియనే లేదు. నన్నడిగితే గొడవ పడాల్సింది లైబ్రరీ వయసు గురించి కాదు, పనినీ ముఖాన్నీ కలిపి కుట్టేసిన కోడ్ గురించి.

మీ పనికి ఆర్ఎమ్‌లింట్ చూడండి. అది దానంతటది దేన్నీ తుడవదు. ఏమేం తుడవాలో ఒక షెల్ స్క్రిప్టుగా రాసిస్తుంది, చదివి నచ్చితే మీరే నడపాలి. విండో కావాలంటే చ్‌కాఫ్కా. పోలిష్‌లో ఎక్కిళ్లు అని అర్థం, ఎందుకు పెట్టారో మరి.

మిణుగురు:
రెండూ ఒక మెషీన్‌లో వేశాను. చ్‌కాఫ్కా వేగం చూసి నోట మాట రాలేదు, ఒకేలా ఉన్న ఫొటోలు కూడా పట్టింది. కానీ ఎఫ్ఎస్‌లింట్‌లో ఒకే విండోలో దొరికిన చిల్లర పనులు కొన్ని, యజమాని లేని ఫైళ్లు చూపించడం లాంటివి, ఇందులో కనబడలేదు. ఆర్ఎమ్‌లింట్‌లో ఆ ఆప్షన్ ఉంది. అంచేత నాకు ఆర్ఎమ్‌లింట్, మిగతావాళ్లకి చ్‌కాఫ్కా. పాత డెబ్‌ల ఆలోచన మానుకున్నాను.

నత్తనడక:
సంతోషం. చ్‌కాఫ్కా విండో జీటీకే4లో ఉంటే, వాళ్లే ఇప్పుడు క్రోకియెట్ అని ఇంకో విండో, ఇంకో టూల్‌కిట్‌లో చేస్తున్నారు. ఆ సంగతి కూడా చూసుకుని వెయ్యండి.

మిణుగురు:
అయ్యో. నాలుగింటిలోనూ ఇప్పుడే వేసేశానండీ.