"శివలోకానకు విచ్చేస్తేను" అనా, "విచ్చేసెను" అనా?

మూసీగట్టు:
ఈమధ్య నకిరేకల్ దగ్గర చందుపట్లకు పోయి రుద్రమదేవి శాసనం చూసి వచ్చాను. ఓరుగల్లు కోటలో ఎంత తిరిగినా కలగని దగ్గరితనం ఆ ఒక్క రాయి ముందు కలిగింది. అప్పటినుంచీ ఆ శాసనంలో ఆమె మరణాన్ని చెప్పే ఒక మాట బుర్ర తొలుస్తోంది. బడిలో మా తెలుగు సారు చెప్పింది "శివలోకానకు విచ్చేస్తేను" అని నా చెవుల్లో ఉంది. వెంట వచ్చిన మిత్రుడు "విచ్చేసెను" అని పట్టుబట్టాడు. ఎండ నడినెత్తిన ఉంది, చెక్కిన అక్షరాల గాడుల్లో నీడ లేదు, తేల్చుకోలేకపోయాం. ఆ "స" కింద తవత్తు ఉన్నట్టా, లేనట్టా?

శాసనప్రియ:
మధ్యాహ్నం పూట రాయి చదవలేమండీ. పొద్దున్నే వెళ్ళాలి, లేదా పొద్దు వాలాక. వెలుతురు ఏటవాలుగా పడితేనే గాడి లోతు తెలుస్తుంది. చీకటి పడితే టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి పట్టాలి. సుద్ద, పిండి మాత్రం పూయకండి, దండం పెడతాను.
నా ఓటు తవత్తుకే. "విచ్చేసెను" అంటే వాక్యం అక్కడితో అయిపోతుంది. శాసనం వేయించిన పువ్వుల ముమ్మడి అనే ఆయన సోమనాథదేవరకు భూమి ఇచ్చింది రాణికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోకప్రాప్తి కోసం. ఆమె పోవడాన్నీ ఈ దానాన్నీ ముడివేసేది ఆ "తేను" ఒక్కటే.

కారకం:
ముడి లేకపోతే ఏం? శాసనాల్లో తెగిన వాక్యాలు కొల్లలు. పైగా ఆనాటి లిపిలో ఎకారానికి హ్రస్వదీర్ఘాల తేడా రాసేవారు కారు. రాతి మీద ఉండేది "తె", మనం చదివేటప్పుడు "తే" చేసుకుంటున్నాం. సరే, "తే" అనే అనుకుందాం. అది చేదర్థకం కదా? "విచ్చేస్తే" అంటే ఒకవేళ వెళ్తే అని. కన్నుమూసిన మహారాణి విషయంలో ఒకవేళ ఏమిటి?

నల్లగొండబిడ్డ:
ఒకవేళ అని ఎవలన్నరు సార్? "మా తాత పోతే ఊరంత కదిలొచ్చింది" అంటం. తాత పోయిండు, ఊరొచ్చింది, రెండూ అయిపోయిన ముచ్చట్లే. "నిన్న అల్లుడొస్తె కోడిని కోసినం" అంటది మా అవ్వ. అల్లుడు వచ్చుడు అనుమానమా? ముమ్మడి రాయించింది గూడ గట్లనే. రాణి పోతే భూమి ఇచ్చిండు. ఏడువందల ఏండ్ల కిందటి వాక్యం మా ఇంట్ల రోజూ ఇనబడుతది.

కారకం:
అల్లుడి ఉదాహరణ బాగుంది. అయితే కావ్యాల్లో ఆ పని చేసేది "ఇనన్" ప్రత్యయం. "అనిన విని", "అడిగినం జెప్పె" లాంటివన్నీ అదే కోవ. గ్రాంథికంలో ఉన్న రూపాన్ని వదిలి లేఖకుడు వాడుకరూపం చెక్కాడని చెప్పాలంటే అక్షరం స్పష్టంగా కనిపించాలి. అందుకే తవత్తు చూడందే నేను కదలను.

కాకతితోరణం:
మీరు అక్షరం దగ్గరే ఆగారు గానీ, ఈ రాయి చరిత్రనే కదిపింది. శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. అంటే 1289 నవంబరు 27. అంతకుముందు రుద్రమ పాలనను 1295 దాకా లాగేవారు. కాకతీయుల సామంతుడైన కాయస్థ అంబదేవుని మీద యుద్ధంలో రాణి, సేనాని ఇద్దరూ కూలారని ఇప్పుడు పుస్తకాల్లో చదువుతున్నాం. ఒక సంగతి గుర్తుంచుకోండి. చందుపట్ల రాతిలో యుద్ధం ఊసు లేదు. ఇద్దరి పేర్లూ ఒకే పుణ్యదానంలో రావడం, అంబదేవుడు అదే కాలంలో తిరగబడటం, ఈ రెంటినీ కలిపి చరిత్రకారులు చేసిన ఊహ అది. మంచి ఊహే, నాకూ నమ్మకమే. కానీ దాన్ని రాయి నోట చెప్పించకూడదు. అలాగే "తేను" ఉన్నా అది వ్యవధి చెప్పదు. మరణించిన ఎన్నాళ్ళకు దానం జరిగిందో అందులోంచి లాగలేం.

బమ్మెరవాకిలి:
అందరూ "తే" మీద పడ్డారు, నన్ను పట్టి ఆపేది "విచ్చేయు". ఇప్పుడు విచ్చేయడమంటే రావడమే. రాణి శివలోకానికి వెళ్ళింది కదా, ఇక్కడుండి రాయించినవాడు "వచ్చింది" అన్నట్టు ఎందుకు రాయించాడు? నా ఉద్దేశంలో అతని మనసు అప్పటికే శివుని సన్నిధిలో ఉండి ఆమెకు ఎదురొచ్చింది.
పోతన రుక్మిణిని తలచుకోండి. "యుంకువ చేసి కృష్ణ! పురుషోత్తమ! చేకొనిపొమ్ము వచ్చెదన్". పుట్టిల్లు విడిచి పోయే పిల్ల "పోయెదన్" అనలేదు. మనసు ఎక్కడుంటే మాట అక్కడినుంచే పుడుతుంది.

శాసనప్రియ:
అంత దూరం వద్దండీ. పాత తెలుగులో పెద్దలు వచ్చినా విచ్చేయడమే, పోయినా విచ్చేయడమే. అది రాచమర్యాద. గడప దాటేటప్పుడు మనమూ "వస్తాను" అనే అంటాం.

కారకం:
రుక్మిణి "వచ్చెదన్" అన్నది కృష్ణునితో. ఎదుటివాడి వెంట నడిచేటప్పుడు "నీతో వస్తాను" అనక ఏమంటాం? అందులో మనసు సిద్ధాంతం అక్కర్లేదు. పద్యపాదం చివర కాబట్టి ఛందస్సు కూడా లాగి ఉంటుంది.

బమ్మెరవాకిలి:
ఛందస్సు మీద నెట్టడం అన్యాయం మాస్టారూ. "పోయెదన్" అన్నా గురువు, లఘువు, గురువే. ఉత్పలమాల ఎక్కడా కుంటుపడదు. యతి కూడా అక్కడ లేదు. పాదం మొదటి "యుంకువ"లోని ఉకారానికి "పురుషోత్తమ"లో విడదీస్తే వచ్చే "ఉత్తమ" చెల్లింది. రెండు మాటలూ చేతిలో ఉండగా పోతన ఏరి పెట్టుకున్నది "వచ్చెదన్". "అంకిలి", "పంకజనాభ", "వంకకు", "ఉంకువ" అని ప్రాసను అంత అలవోకగా నడిపిన చెయ్యి చివరి మాటకు తడుముకుంటుందా? శౌర్యమే కన్యాశుల్కంగా తెచ్చి తీసుకుపొమ్మని చెప్పి, ఆ వెంటనే "వచ్చెదన్". ఈ పద్యం తెలుగువాడు నోటికి పట్టాల్సిందే.

కారకం:
పద్యం నాకూ నోటికి వచ్చు. గణం సరిపోయినంత మాత్రాన "పోయెదన్" అర్థానికి నప్పదు. "తీసుకుపో, పోతాను" అనే తెలుగు ఎక్కడైనా ఉందా?

మూసీగట్టు:
అయ్యలారా, రుక్మిణి రథమెక్కింది, నా తవత్తు చందుపట్లలోనే ఉండిపోయింది. రాతికి తడికాగితం అద్ది సిరాతో తీసిన నకలు ఎవరైనా చూశారా?
ఇంకొకటి. ఆమె అప్పటికే శివలోకానికి విచ్చేసి ఉంటే, మళ్ళీ శివలోకప్రాప్తి కోసం దానం దేనికి?

శాసనప్రియ:
చేరిందనడం మర్యాద, చేరాలనడం ప్రార్థన. మనవాళ్ళు "స్వర్గస్థులయ్యారు" అని కార్డు అచ్చువేయించి, ఆ కార్డుతో పిలిచిన కర్మలో ఉత్తమగతులు కలగాలని కోరడం లేదా? అది శైవం నిండిన రాజ్యం కూడా. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి, శైవుల గోళకీమఠానికి ఇచ్చిన ఊళ్ళ ఆదాయంలోంచి ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయి. దానంతో పుణ్యం గడించి పోయినవారి పేర జమచేయడం వాళ్ళకు నిత్యం ఉన్నదే.

నల్లగొండబిడ్డ:
మాది పక్క మండలమే అన్నా. ఈ ఆదివారం పొద్దున పోయి పక్కనుంచి ఫొటో తీసి పెడత. తవత్తు ఉంటే కారకం సారు ఒప్పుకుంటరా?

కారకం:
ఉంటే తవత్తు ఒప్పుకుంటాను. దాని అర్థం కాలమా, కారణమా అన్నది వేరే పేచీ.