హాస్టల్ ప్రాక్సీలో బ్రౌజర్ ఓకే, గిట్ పుష్ మాత్రం పోవట్లేదు

ప్రశ్న:
అన్నా, మా హాస్టల్ వైఫైకి ప్రాక్సీ (సైట్లకి మన రిక్వెస్ట్‌లు పంపే మధ్యవర్తి సర్వర్) ఉంది, పోర్ట్ 3128, యూజర్ నేమ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. బ్రౌజర్లో గిట్‌హబ్ బానే ఓపెన్ అవుతోంది కానీ టెర్మినల్లో గిట్ పుష్ (కోడ్‌ని గిట్‌హబ్‌కి పంపే కమాండ్) కొడితే చాలాసేపు అలా ఆగిపోయి పోర్ట్ 22 కనెక్షన్ టైమ్డ్ అవుట్ అంటోంది. పింగ్ కూడా రావట్లేదు. ప్రాజెక్ట్ సబ్మిషన్ ఎల్లుండే, ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొస్తున్నా, రోజూ సాయంత్రానికే డేటా అయిపోతోంది.

జవాబు 1:
పింగ్ సంగతి వదిలెయ్ తమ్ముడూ, అది ఐసీఎంపీ అనే వేరే ప్రోటోకాల్, దానికి పోర్టే ఉండదు, హెచ్‌టీటీపీ ప్రాక్సీలోంచి అసలు పోదు. 3128 అంటే చాలావరకు స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేరే, దాని డిఫాల్ట్ పోర్ట్ అదే. బ్రౌజర్ ఏం చేస్తుందంటే ముందు ప్రాక్సీకి కనెక్ట్ అనే రిక్వెస్ట్ పంపి ఫలానా సైట్‌కి 443లో (హెచ్‌టీటీపీఎస్ పోర్ట్) దారివ్వమని అడుగుతుంది, అది సరే అన్నాకే లోపల ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. నీ గిట్ రిమోట్ (గిట్‌హబ్‌లో నీ ప్రాజెక్ట్ అడ్రస్) ఎస్ఎస్‌హెచ్‌ది, అంటే పోర్ట్ 22 వాడే రకం, దానికి నీ ప్రాక్సీ సెట్టింగ్ ఊసే తెలీదు, నేరుగా 22కి పోతోంది, ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్లని సప్పుడు లేకుండా పడేస్తోంది, అందుకే రిఫ్యూజ్డ్ అనకుండా టైమ్ అవుట్ అంటోంది. రిమోట్‌ని హెచ్‌టీటీపీఎస్‌కి మార్చి గిట్ కాన్ఫిగ్‌లో హెచ్‌టీటీపీ డాట్ ప్రాక్సీ పెట్టు. పుష్‌కి అకౌంట్ పాస్‌వర్డ్ పనిచేయదు, 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో తీసుకునే టోకెనే.

ప్రశ్న అడిగినవాడు:
మార్చా అన్నా, ఇప్పుడు 407 అంటోంది. పాస్‌వర్డ్ కరెక్టే, బ్రౌజర్లో అదే కొడుతున్నా.

జవాబు 2:
407 అంటే ప్రాక్సీ దాకా చేరావు, లాగిన్ దగ్గరే ఆగింది. పాస్‌వర్డ్‌లో @ ఉందా? ఉంటే ప్రాక్సీ అడ్రస్‌లో దాని బదులు %40 రాయి, లేకపోతే పాస్‌వర్డ్ ఎక్కడ అయిపోయిందో, సర్వర్ పేరు ఎక్కడ మొదలైందో గిట్‌కి అర్థం కాదు.

జవాబు 3:
నేను ఒక కాలేజీలో నెట్‌వర్క్ చూస్తా. 22 తెరవమని అడిగేముందు ఇది తెలుసుకోండి, స్క్విడ్ మామూలు కాన్ఫిగ్‌లో కనెక్ట్‌కి 443 తప్ప వేరే పోర్ట్ ఇవ్వరు. అన్ని పోర్ట్‌లూ వదిలేస్తే ఎవరో ఒకరు మెయిల్ పోర్ట్ 25 మీద స్పామ్ పంపుతారు, కాలేజీ ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది, తర్వాత మా మెయిల్స్ ఎవరికీ చేరవు. ఎస్ఎస్‌హెచ్ తప్పదు అనుకుంటే గిట్‌హబ్ 443లో కూడా ఇస్తుంది, హోస్ట్ పేరు ఎస్ఎస్‌హెచ్ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్, మధ్యలో ప్రాక్సీ కమాండ్ (ఎస్ఎస్‌హెచ్‌ని ప్రాక్సీ మీదుగా పంపే సెట్టింగ్) పెట్టుకోవాలి. కానీ ముందు మీ అడ్మిన్‌ని ఒక మాట అడుగు బాబూ. ఎక్కడో దొరికిన ఫ్రీ ప్రాక్సీలకి మాత్రం పాస్‌వర్డ్‌లు ఇవ్వకు.

ప్రశ్న అడిగినవాడు:
@ ఒకటి కాదు, రెండున్నాయి. రెండూ మార్చగానే పుష్ అయిపోయింది, థాంక్స్ అన్నా అందరికీ.