స్టూడెంట్ థీసిస్‌లు, ఆర్ట్‌వర్క్ యూనివర్సిటీ డిజిటల్ కలెక్షన్‌లో అందరికీ ఓపెన్‌గా పెట్టడం తప్పనిసరి చెయ్యొచ్చా?

ఇంకుమరక:
మా యూనివర్సిటీలో కొత్త రూల్ రాబోతోంది. ఇక నుంచి థీసిస్‌లే కాదు, ఫైన్ ఆర్ట్స్ వాళ్ల ఫైనల్ షో వర్క్ కూడా, అంటే ప్రింట్లు పెయింటింగ్‌లు షార్ట్ ఫిల్ములు అన్నీ లైబ్రరీ డిజిటల్ కలెక్షన్‌లో అప్‌లోడ్ చెయ్యాలంట, ఎవరైనా ఎక్కణ్ణుంచైనా డౌన్‌లోడ్ చేసుకునేట్టు. అది చేస్తేనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఫ్యాకల్టీకి మాత్రం అదే పేజీలో "వీలును బట్టి" అని రాశారు. నేను ప్రింట్‌మేకింగ్. నాకు కలెక్షన్ మీద కోపం ఏం లేదు, నా పని పదేళ్ల తర్వాత ఎవరైనా చూస్తే సంతోషమే, కానీ కంపల్సరీ అనేసరికి ఎక్కడో తేడా కొడుతోంది. మీరేమంటారు?

పాత_కేటలాగ్:
నేను లైబ్రరీ సైడ్ మనిషిని, కాబట్టి సూటిగా చెప్తా. చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. ఇదివరకు థీసిస్ అంటే బైండింగ్ చేసిన రెండు మూడు కాపీలు, ఒకటి డిపార్ట్‌మెంట్ బీరువాలో ఇంకోటి లైబ్రరీలో, దాన్ని తీయించుకుని చదివే ఓపిక ఎవరికి ఉంటుంది. వర్జీనియా టెక్ 1997లోనే ఎలక్ట్రానిక్ థీసిస్ తప్పనిసరి చేసింది. 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి డీస్పేస్ సాఫ్ట్‌వేర్ చేసి ఫ్రీగా వదిలాక చిన్న చిన్న యూనివర్సిటీలు కూడా సొంత రిపాజిటరీ, అంటే ఇలాంటి డిజిటల్ కలెక్షన్, పెట్టుకోగలిగాయి. ఇప్పుడు ఆప్షనల్ అన్నారనుకోండి, ఎవరూ పెట్టరు. ఇష్టం లేక కాదు, బద్ధకం. తర్వాత చేద్దాంలే అని వెళ్లిపోతారు, ఎప్పుడో హార్డ్ డిస్క్ పోతుంది, దాంతోపాటు పనీ పోతుంది, అప్పుడు మాకు మెయిల్ పెడతారు మీ దగ్గర కాపీ ఏమన్నా ఉందా అని.

గోడమీదపిల్లి:
@పాత_కేటలాగ్ అదంతా నిజమే గానీ అండీ, ఫ్యాకల్టీకి "వీలును బట్టి" ఏంటి? వాళ్లకి బద్ధకం ఉండదా? హార్వర్డ్‌లో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ ఫ్యాకల్టీ 2008 ఫిబ్రవరిలో ఓటేసుకుని మరీ మా ఆర్టికల్స్ ఓపెన్‌గా పెడతాం అన్నారు, చాలా మంచి పని, కానీ అందులో కూడా ఫలానా ఆర్టికల్ వద్దు అనుకుంటే వేవర్ అడిగి తప్పించుకునే దారి ఉంది. అంటే జీతం వచ్చే ప్రొఫెసర్ వద్దనొచ్చు, ఫీజు కట్టే స్టూడెంట్ అనకూడదు. ఇది ఓపెన్ యాక్సెస్ అనే పేరు పెట్టుకున్న పెత్తనం, అంతే.

పాత_కేటలాగ్:
ఫ్యాకల్టీ విషయంలో మీతో నాకు గొడవే లేదు, వాళ్లకీ తప్పనిసరి చెయ్యమనే నేనూ అంటా. ఒక తేడా మాత్రం ఉంది. థీసిస్ అనేది డిగ్రీ కోసం యూనివర్సిటీకి ఇచ్చే రుజువు, వైవా జరిగింది, ఎగ్జామినర్లు పాస్ చేశారు. ఆ పాస్ చేసింది ఏంటో జనానికి కనపడాలి కదా. దాచిపెట్టబట్టే కాపీ కొట్టిన థీసిస్‌లు ఏళ్లకేళ్లు బయటపడవు.

ల్యాబ్‌కోటు:
ఓపెన్ ఓపెన్ అనేవాళ్లు పేటెంట్ గురించి ఒక్కసారి కూడా మాట్లాడరు. అమెరికాలో ఇన్ రీ హాల్ అని 1986 కేసు ఉంది, జర్మనీలో ఫ్రైబుర్గ్ యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగ్ చేసి పెట్టిన ఒకే ఒక్క థీసిస్ కాపీని కోర్టు "పబ్లికేషన్" కింద లెక్కగట్టింది, దాంతో ముందే బయటపడ్డదని పేటెంట్ అప్లికేషన్ పోయింది. ఒక్క కాపీకే అలా అయితే గూగుల్‌లో దొరికే పీడీఎఫ్ సంగతి చెప్పేదేముంది. అమెరికాలో మనం బయటపెట్టాక కూడా అప్లై చెయ్యడానికి ఏడాది గడువు ఇస్తారు, యూరప్‌లో మామూలుగా అదీ లేదు. ల్యాబ్‌లో ఐదుగురు కలిసి చేసిన పనిని ఒక పిల్లాడు సర్టిఫికెట్ కోసం తొందరపడి అప్‌లోడ్ చేస్తే మిగతా నలుగురి గతేంటి?

పాత_కేటలాగ్:
@ల్యాబ్‌కోటు గారూ దాని తర్వాతి కేసు కూడా చెప్పాలి మరి, సగం చెప్తే ఎలా. 1989లో ఇన్ రీ క్రోనిన్. రీడ్ కాలేజీ స్టూడెంట్ థీసిస్‌లు, వాటి కార్డులు కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఒక షూ బాక్సులో ఉండేవి, అది కూడా రాసినవాళ్ల పేరు వరసలో. సబ్జెక్టు పట్టుకుని వెతికితే దొరకవు కాబట్టి అది పబ్లికేషన్ కాదు అంది అదే కోర్టు. కాబట్టి సర్వర్‌లో ఫైల్ ఉండటం వేరు, కనపడేట్టు ఉంచడం వేరు. మీ సమస్యకి ఎంబార్గో ఉంది. ఫైల్ ఇవ్వాళే మాకు ఇచ్చెయ్యండి, ఏడాదో రెండేళ్లో లాక్ చేసి ఉంచుతాం, టైటిల్, పేరు మాత్రం కనిపిస్తాయి. టైటిల్‌లోనే ఫార్ములా మొత్తం రాసుకుంటే దానికి మేమేం చెయ్యలేం 😄

ఫ్రేమ్‌రేటు:
మీరంతా థీసిస్ దగ్గరే తిరుగుతున్నారు, ఇంకుమరక అడిగింది ఆర్ట్ గురించి. నేను ఫిల్మ్ చేసిన మనిషిని. కొన్ని ఫెస్టివల్స్ ఇంతకుముందు ఎక్కడా పబ్లిక్‌గా వెయ్యని ఫిల్మే కావాలంటాయి, యూనివర్సిటీ పేజీలో ప్లే బటన్‌తో ఓపెన్‌గా ఉంటే అక్కడితో ఆ దారి మూసుకుపోయినట్టే. మ్యూజిక్ అయితే "స్టూడెంట్ ప్రాజెక్టుకి, ఫెస్టివల్‌కి మాత్రమే" అని పర్మిషన్ తీసుకుని ఉంటాం, అదే ఫిల్మ్ ప్రపంచానికంతా స్ట్రీమ్ చేస్తే ఆ పర్మిషన్ చెల్లదు, నోటీసు వస్తే ఎవడి పేరు మీద వస్తుంది? లైఫ్ డ్రాయింగ్‌కి కూర్చున్న మోడల్ క్లాసు కోసం ఒప్పుకుంది గానీ ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకుందా? ఈ ప్రశ్నలు థీసిస్ ఫారంలో ఎక్కడా ఉండవు, ఎందుకంటే ఆ ఫారం రాసినవాళ్ల బుర్రలో ఉన్నది పీడీఎఫ్ ఒక్కటే.

ఇంకో మాట, దాచడం అని గొప్పగా చెప్తారు కదా. ఫ్లాష్‌లో చేసిన స్టూడెంట్ యానిమేషన్లు ఎన్ని కలెక్షన్లలో ఉన్నాయో, 2020 డిసెంబర్ 31తో అడోబ్ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది, ఆ తర్వాత బ్రౌజర్‌లో తెరుచుకోవు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు రఫుల్ అనే ఎమ్యులేటర్, అంటే ఫ్లాష్ లేకుండానే ఆ ఫైళ్లని ఆడించే ప్రోగ్రామ్, పెట్టి కొన్నిటిని మళ్లీ ఆడిస్తున్నారు. ఆ కష్టం ఎన్ని యూనివర్సిటీలు పడ్డాయి? ఫైల్ తీసుకోవడం కంపల్సరీ, దాన్ని తెరుచుకునేట్టు ఉంచడం మాత్రం కంపల్సరీ కాదు.

మట్టిబొమ్మ:
@ఫ్రేమ్‌రేటు చివరి మాటకి వంద లైకులు. నేను శిల్పం చెప్తాను, స్టూడెంట్స్‌తో రోజూ ఉండే మనిషిని. ఇన్‌స్టలేషన్ చేసిన అమ్మాయి పనిని లైబ్రరీ నాలుగు ఫోటోలుగా ఎక్కించి కింద "మిశ్రమ మాధ్యమం" అని రాసి వదిలేస్తుంది. గది ఎంత, వెలుతురు ఎటు నుంచి, శబ్దం ఉందా, ఏమీ ఉండదు. ఆ అమ్మాయి చేసిందేమో గది, మిగిలిందేమో ఫోటో. దానికంటే అసలు లేకపోవడమే నయమని స్టూడెంట్స్ అంటే నేను కాదనలేను. కానీ అలాగని ఏదీ పెట్టకపోతే స్టూడెంట్ ఆలోచనని తర్వాత గైడ్ తన షోలో పెట్టుకున్నప్పుడు రుజువు ఎక్కడుంటుంది? ఇలాంటివి జరుగుతాయి, మనందరికీ తెలుసు, పేర్లు వద్దు. తేదీ వేసి, స్టూడెంట్ పేరు ముందు రాసి, లైబ్రరీ రికార్డులో ఉంటే అది స్టూడెంట్‌కి పెద్ద అండ. అందుకే రికార్డు తప్పనిసరి అంటే ఓకే. ఇమేజ్ ఏ సైజులో, ఎప్పుడు, ఎవరికి కనపడాలో మాత్రం చేసినవాళ్లే చెప్పాలి.

ఇంకుమరక:
@మట్టిబొమ్మ మేడమ్, నా భయం కూడా అదే. నేను ఒక ప్లేటు నుంచి ఇన్ని ప్రింట్లే తీస్తానని నంబర్ వేసి అమ్ముతా. డ్రాఫ్ట్ రూల్‌లో ఏమో హై రిజల్యూషన్ టిఫ్ ఇమేజ్ ఫైల్ అడిగారు, అది డౌన్‌లోడ్‌కి పెడితే నా నంబర్‌కి అర్థం ఏముంది.

పాత_కేటలాగ్:
టిఫ్ అడిగేది భద్రపరచడానికండీ. పద్ధతిగా నడిచే చోట టిఫ్ లోపల ఉంటుంది, బయటికి చిన్న జేపెగ్ వెళ్తుంది. డ్రాఫ్ట్‌లో ఆ తేడా రాయకపోతే మాత్రం మీరు అడగాల్సిందే, నోటి మాట మీద వదలొద్దు. లైసెన్స్ లైన్ కూడా చూడండి. క్రియేటివ్ కామన్స్ అని, అంటే ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చేసే లైసెన్స్, ఉంటే ఏ రకమో చూడండి, ఒట్టి సీసీ బై అయితే పేరు వేసి మీ బొమ్మని టీ షర్టు మీద అచ్చేసుకుని అమ్ముకోవచ్చు, మీకు పైసా ఇవ్వక్కర్లేదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు, పేజీ తీసేసినా అప్పటికే కాపీ తీసుకున్నవాడి హక్కు పోదు.

గోడమీదపిల్లి:
ఇంకా ఏఐ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? కలెక్షన్‌లో పెట్టిందంతా బాట్లు ఊడ్చుకుపోతున్నాయి. బాట్లు ఎక్కడికి రాకూడదో రాసిపెట్టే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలుతో గేటు పెట్టామంటారు, అది 1994 నుంచి ఉన్న మర్యాద ఒప్పందం, పాటించేవాడు పాటిస్తాడు లేనివాడు లేదు. ఇంకోటి, చాలా యూనివర్సిటీలు వాడే డిజిటల్ కామన్స్ ప్లాట్‌ఫామ్ బీప్రెస్ కంపెనీది, దాన్ని 2017లో జర్నల్స్ వేసే పెద్ద పబ్లిషర్ ఎల్సెవియర్ కొనేసింది. పబ్లిషర్ల నుంచి తప్పించుకోవడానికి కట్టుకున్న ఇల్లు పబ్లిషర్ చేతికే పోయింది, ఇక స్టూడెంట్ నమ్మకంతో ఇవ్వాలంట!

ల్యాబ్‌కోటు:
బాట్ల పేరు చెప్పి అన్నీ మూసేస్తే మొదట నష్టపోయేది జర్నల్ కొనలేని కాలేజీ పిల్లలే బాస్. నేను ఎంబార్గో కావాలన్నా గానీ తాళం వేసి మర్చిపొమ్మనలేదు. అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ 2013లో హిస్టరీ పీహెచ్‌డీలకి ఆరేళ్ల దాకా ఎంబార్గో అవకాశం ఇవ్వాలంది, పుస్తకం వేసుకునే లోపు ఆన్‌లైన్‌లో ఉంటే పబ్లిషర్ వెనకాడతాడని భయం. ఆరేళ్లు నాకైతే మరీ ఎక్కువ అనిపిస్తుంది.

ఫ్రేమ్‌రేటు:
హిస్టరీ వాళ్లకి పుస్తకం వెయ్యడానికి అంత పడుతుందేమో, నీకు రెండేళ్లలో పేటెంట్ అయిపోతుంది కాబట్టి ఎక్కువ అనిపిస్తోంది. అందరికీ ఒకే గడువు పెట్టడంలోనే ఉంది తప్పంతా.

మట్టిబొమ్మ:
ఎంబార్గో ఉందన్నారు సరే, అడిగే హక్కు ఎవరికి? చాలాచోట్ల ఆ ఫారం మీద గైడ్ సంతకం ఉండాలి. ఇందాక చెప్పిన గైడ్ లాంటివాడైతే స్టూడెంట్ ఎవరిని అడగాలి?

పాత_కేటలాగ్:
మంచి ప్రశ్న. మా దగ్గర గైడ్ సంతకం ఉంది, ఉండకూడదని నేనూ అంటున్నా, నడవట్లేదు. @ఇంకుమరక మీ డ్రాఫ్ట్‌లో ఆ క్లాజు ఏముందో టైప్ చేసి ఇక్కడ పెట్టండి, హక్కులు "బదిలీ" చేస్తున్నట్టు ఉందా, లేక మీ దగ్గరే ఉంచుకుని యూనివర్సిటీకి వాడుకునే పర్మిషన్ మాత్రం ఇస్తున్నట్టు ఉందా, ముందు అది చూడాలి.

ఇంకుమరక:
చూశా. "సమస్త హక్కులు విశ్వవిద్యాలయానికి చెందును" అని ఉంది. గైడ్ సంతకం కూడా ఉంది. అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వమన్నారు, ఆ రెండు లైన్ల మీద క్లాసులో అందరి సంతకాలతో ఇస్తున్నాం. ఫ్యాకల్టీకి కూడా ఇదే రూల్ పెట్టండి అని మూడో లైన్ కలపమని సగం మంది అంటున్నారు, మిగతా సగానికి ఇంటర్నల్ మార్కుల భయం.