తెల్లకార్డు లేనివాళ్ళను డబ్బు కట్టించుకుని ఆరోగ్యశ్రీలో చేర్చుకోవాలా?

మిర్యాలగూడ కుర్రాడు: షోరూంలో నా జీతం 24 వేలు. 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) లేదు. పట్టణంలో ఏడాదికి 2 లక్షలు దాటితే తెల్లకార్డు లేదు, అంటే ఆరోగ్యశ్రీ కూడా లేనట్టే. నాన్నకు స్టెంట్ వేయించడానికి అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాం. ఏడాదికి ఇంత అని కట్టించుకుని మమ్మల్నీ చేర్చుకుంటే ప్రభుత్వానికి పోయేదేముంది?

కాకతీయ: 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారుగా. ప్రైవేటుది తీసుకో తమ్ముడూ.

మిర్యాలగూడ కుర్రాడు: నాన్నకు షుగర్, గుండెజబ్బు రెండూ ఉన్నాయన్నా. పాత జబ్బులకు మూడేళ్ళ దాకా క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. అన్నాళ్ళూ ఏం చెయ్యమంటారు?

పాలమూరు పిల్ల: ఉన్న కార్డులకే దిక్కు లేదు. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిల కోసం తెలంగాణలో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. మా పెద్దనాన్నను తీసుకెళ్తే, ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరే "డబ్బు కట్టి చేరండి" అని పంపేశారు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ వైద్యం పరిమితి 5 నుంచి 10 లక్షలు చేశారు. కాగితం మీది 10 లక్షలు ఏం చేసుకోవాలి?

మిర్యాలగూడ కుర్రాడు: బకాయిలు వేరే సంగతి. నేను కడతానంటున్నా.

పాలమూరు పిల్ల: వేరే ఎలా అవుతుంది? మీరు కట్టిందీ ఖజానాలోకే పోతుంది.

గట్టుమీద: 70 దాటితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు.

మిర్యాలగూడ కుర్రాడు: నాన్నకు 58 అండీ.

ఏఎన్ఎం అక్క: ఇద్దరూ ఆపరేషన్ల దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్ళో జనం నెలనెలా మందుల షాపులో పోసేది బీపీ, షుగర్ మాత్రలకే. దానికి ఆరోగ్యశ్రీ కార్డు పనికిరాదు. పీహెచ్‌సీలో మాత్రలు సరిగ్గా ఉంటే సగం స్టెంట్ల అవసరమే రాదు.

మిర్యాలగూడ కుర్రాడు: పాలమూరు గారూ, సూటిగా చెప్పండి. మేం రావడమే మీకిష్టం లేదా? 24 వేలకే షావుకార్లమైపోయామా?

పాలమూరు పిల్ల: నా భయం అదే, చెప్తున్నా. డబ్బు కట్టినవాళ్ళూ, కట్టనివాళ్ళూ ఒకే కౌంటర్‌కొస్తే మంచం ముందు ఎవరికిస్తారు? మా పెద్దనాన్న లాంటివాళ్ళు వరండాలోనే ఉంటారు. రండి, కానీ అందరికీ ఒకే కార్డు ఉండాలి. ఎవరు కట్టారో ఆస్పత్రికి తెలియకూడదు. మీ డబ్బు ఆరోగ్యశ్రీ ట్రస్టు ఖాతాలో విడిగా ఉండి, నేరుగా ఆస్పత్రులకే పోవాలి. ముందు బకాయిలు తీర్చాలి, ఆ తర్వాతే కొత్తవాళ్ళు.

మిర్యాలగూడ కుర్రాడు: ఒకే కార్డు, విడి ఖాతా, రెండూ ఒప్పుకుంటా. బకాయిలు తీరేదాకా ఆగమంటే మాత్రం ఒప్పుకోను. రెండో స్టెంట్ వచ్చే నెలలో వెయ్యాలన్నారు.