డెబియన్ 13కి మారాక సౌండ్ పోయింది, ‘డమ్మీ అవుట్‌పుట్’ అని మాత్రమే చూపిస్తోంది

అమలాపురం మిక్సింగ్:

నమస్కారమండి. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే డెస్క్‌టాప్. డెబియన్ లినక్స్ 12 ఎక్స్‌ఎఫ్‌సీఈ నుంచి 13కి ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్‌తో మార్చాం. అంతా బాగానే లేచింది, కేడెన్‌లైవ్ (వీడియో ఎడిటర్) కూడా తెరుచుకుంటోంది, సౌండ్ ఒక్కటే లేదు. వాల్యూమ్ కంట్రోల్లో డమ్మీ అవుట్‌పుట్ తప్ప ఇంకేమీ కనపడట్లేదు.

హెచ్510 బోర్డు, రియల్‌టెక్ ఏఎల్‌సీ897, కెర్నల్ 6.12. మానిటర్ వీజీఏ మీద ఉంది. వెనక ఆకుపచ్చ జాక్ నుంచి ఆంప్లిఫయర్‌కి వైరు. సౌండ్ కార్డుల జాబితా చూపే ‘ఏప్లే -ఎల్’ కొడితే మాత్రం ‘కార్డ్ 0: పీసీహెచ్, ఏఎల్‌సీ897 అనలాగ్’ అని వస్తోంది. కార్డు ఉన్నట్టా, లేనట్టా? ముహూర్తాల సీజనండి, ఫార్మాట్ కొట్టి మళ్ళీ 12 ఎక్కించే టైము లేదు.

కాకినాడ కెర్నల్:

ఫార్మాట్ మాట వదిలెయ్యండి. ఏప్లేలో కార్డు కనపడిందంటే కెర్నల్, డ్రైవర్ తమ పని చేసేసినట్టే. డమ్మీ అవుట్‌పుట్ అనేది సౌండ్ సర్వర్ (ప్రోగ్రాముల శబ్దాన్ని కార్డుకి అందించేది) చెప్పే మాట: నా చేతికి ఒక్క కార్డూ దొరకలేదు, ప్రోగ్రాములు ఆగిపోకుండా ఉత్తుత్తి అవుట్‌పుట్ ఒకటి పెట్టాను అని. అంటే కార్డుకీ సర్వర్‌కీ మధ్య ఎక్కడో తెగింది. ఏప్లే కూడా ‘నో సౌండ్‌కార్డ్స్ ఫౌండ్’ అని ఉంటే దారి వేరు, అప్పుడు డీమెసేజ్ (కెర్నల్ రాసుకునే సందేశాలు) చూడాలి.

ఈ నాలుగూ కొట్టి ఏమొచ్చిందో పెట్టండి. ఇక్కడ తెలుగులో రాస్తున్నా టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాలే:

ప్యాక్టీఎల్ ఇన్ఫో
సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్
సుడో ఫ్యూజర్ -వి /డెవ్/ఎస్‌ఎన్‌డి/*
ఎల్ఎస్ -ఎ ~ (ఇందులో .ఏసౌండ్ఆర్‌సీ అనే ఫైలుందా?)

రెండోదానికి ముందు సుడో పెట్టకండి. --యూజర్ సర్వీసులు మీ లాగిన్‌వి. సుడో పెడితే మీవి కాకుండా రూట్‌వి అడిగినట్టవుతుంది, ఎర్రరొస్తుంది. అది చూసి సర్వీసే లేదనుకుని పొరబడేవాళ్ళు చాలామంది.

అమలాపురం మిక్సింగ్:

ప్యాక్టీఎల్‌లో సర్వర్ నేమ్: పల్స్ఆడియో, వెర్షన్ 17.0.
పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ రెండూ యాక్టివ్. పైప్‌వైర్-పల్స్ ‘కుడ్ నాట్ బి ఫౌండ్’.
ఫ్యూజర్‌లో కంట్రోల్‌సీ0 దగ్గర వైర్‌ప్లంబర్ ఉంది, పీసీఎంసీ0డీ0పీ దగ్గర పైప్‌వైర్ ఉంది.
.ఏసౌండ్ఆర్‌సీ ఉందండి. అందులో డిఫాల్ట్ కార్డు 1 అని రాసుంది. ఒకప్పుడు యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడినప్పటిది.

కాకినాడ కెర్నల్:

దొరికింది. మీ మెషీన్లో సౌండ్ సర్వర్లు రెండు నడుస్తున్నాయి: పల్స్ఆడియో, పైప్‌వైర్ (వైర్‌ప్లంబర్ దీని సహాయకుడు). ఒకే తూముకి ఇద్దరు లస్కర్లన్నట్టు: పైప్‌వైర్ ముందు లేచి కార్డు పట్టేసుకుంది, వెనక లేచిన పల్స్ఆడియోకి అది బిజీ అని తగిలి డమ్మీ పెట్టుకుంది. మీ ప్రోగ్రాములేమో పల్స్‌తోనే మాట్లాడుతున్నాయి. అందుకే ఎక్కడా శబ్దం లేదు.

డెబియన్ 12లో నోమ్ డెస్క్‌టాప్ పైప్‌వైర్‌కి మారింది కానీ, అప్పటికే పల్స్ఆడియో ఉన్న మెషీన్లలో అప్‌గ్రేడ్ దాన్ని తనంతట తాను తీసెయ్యదు. ఇంకే ప్యాకేజీయో పైప్‌వైర్‌ని పక్కన తెచ్చిపెట్టి ఉంటుంది.

1. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైప్‌వైర్-ఆడియో. ‘వై’ నొక్కేముందు తీసేసే ప్యాకేజీల జాబితా చదవండి. పల్స్ఆడియో ఉండాలి, అది పోవాల్సిందే. ఎక్స్‌ఎఫ్‌సీఈ ముక్కలు కూడా కనపడితే ‘ఎన్’ కొట్టి ఆ జాబితా ఇక్కడ పెట్టండి.
2. ఎంవీ ~/.కాన్ఫిగ్/పల్స్ ~/.కాన్ఫిగ్/పల్స్-పాత. అలాగే ~/.ఏసౌండ్ఆర్‌సీ పేరు కూడా మార్చండి. తీసెయ్యక్కర్లేదు.
3. ఆర్ఎం -ఆర్ ~/.లోకల్/స్టేట్/వైర్‌ప్లంబర్. పాత డిఫాల్టులు, వాల్యూములు గుర్తుంచుకునేది ఇక్కడే. పోతే మళ్ళీ పుడుతుంది.
4. సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ --నౌ ఎనేబుల్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్. ‘మాస్క్‌డ్’ అంటే ముందు అదే పేర్లతో అన్‌మాస్క్ కొట్టండి.
5. లాగౌట్ చాలదు, ఒకసారి రీబూట్ చెయ్యండి.

తర్వాత ప్యాక్టీఎల్ ఇన్ఫోలో ‘పల్స్ఆడియో (ఆన్ పైప్‌వైర్ 1.4.2)’ తరహాలో రావాలి. బ్రాకెట్లో పైప్‌వైర్ అన్న మాట ఉంటే మీ మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ పల్స్ అనుకుని మాట్లాడేది నిజానికి పైప్‌వైర్‌తోనే. కేడెన్‌లైవ్‌లో మీరు మార్చాల్సిందేమీ ఉండదు.

ఆ .ఏసౌండ్ఆర్‌సీ సంగతి: సర్వర్ ద్వారా వెళ్ళే సౌండ్‌కి దానితో పేచీ ఉండకపోవచ్చు. నేరుగా ఆల్సాని (కెర్నల్ సౌండ్ డ్రైవర్ల పొర) పిలిచే ప్రోగ్రాములు మాత్రం లేని కార్డు 1 దగ్గరకి పోయి ఎర్రరిస్తాయి. యూఎస్‌బీ కార్డు తీసేసినా ఫైలు మిగిలిపోవడం మామూలే.

అమలాపురం మిక్సింగ్:

వచ్చిందండి! ముందు ప్యానెల్లో హెడ్‌ఫోన్ పెడితే వినపడుతోంది. కానీ వెనక నుంచి ఆంప్లిఫయర్‌కి రావట్లేదు. హెడ్‌ఫోన్ తీసేసినా అంతే. పాట మొదట్లో అర సెకను తినేసి ‘టప్’మంటోంది కూడా. 12లో ఉన్నప్పుడు ఈ టప్ పోవడానికి ఎవరో చెబితే లువా ఫైలొకటి మెయిన్.లువా.డి ఫోల్డర్లో పెట్టాం, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆంప్ ఆన్ చేస్తే సన్నగా ‘గుయ్య్’మనే హమ్ ఒకటి, అది ఎప్పట్నుంచో ఉందిలెండి.

నరసాపురం సర్వీస్:

వెనక జాక్ సంగతి నే చెబుతా. టెర్మినల్లో ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6 నొక్కి ‘హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్’ ఎంచుకోండి. కుడివైపు బాణంతో వెళ్తే ‘ఆటో-మ్యూట్ మోడ్’ కనపడుతుంది. అది ఎనేబుల్డ్‌లో ఉంటే, ముందు హెడ్‌ఫోన్ ఉందని కోడెక్ (బోర్డు మీది సౌండ్ చిప్పు) అనుకున్నంతసేపూ వెనక లైన్ అవుట్ మూసేస్తుంది. డిజేబుల్డ్ చెయ్యండి. ‘ఫ్రంట్’, ‘లైన్ అవుట్’ పట్టీల కింద ‘ఎంఎం’ ఉంటే మ్యూట్ అని అర్థం, ‘ఎం’ నొక్కితే ‘00’ అవుతుంది. ఎస్కేప్‌తో బయటికొచ్చి ‘సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్’ కొడితే రీబూట్ తర్వాత కూడా నిలుస్తుంది.

హెడ్‌ఫోన్ తీసేశాక కూడా ఉందనే అనుకుంటోందంటే రెండు కారణాల్లో ఒకటి. ఒకటి, క్యాబినెట్ వైరు. పాత క్యాబినెట్లలో ముందు ప్యానెల్ కనెక్టరు ఏసీ97 రకం, అందులో జాక్ ఉందో లేదో చెప్పే వైరే ఉండదు. కొన్నిటికి ఏసీ97, హెచ్‌డీ ఆడియో అని రెండు కనెక్టర్లు వేలాడుతుంటాయి, బోర్డులో హెచ్‌డీ ఆడియో అని రాసున్నదే పెట్టాలి. రెండోది మన దగ్గర ఎక్కువ: సముద్రపు గాలి. జాక్ లోపల స్విచ్ రేకులు పచ్చగా చిలుం పట్టి అతుక్కుపోతాయి. పవర్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన సన్నటి బడ్‌తో జాక్ లోపల తిప్పండి, పది నిమిషాలు ఆరనివ్వండి. కొబ్బరినూనె, కిరోసిన్ పెట్టొద్దు, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది.

ఇక హమ్. ఆల్సామిక్సర్లో మాస్టర్ని మ్యూట్ చేసి చూడండి. హమ్ అలాగే ఉంటే లినక్స్‌కి దానితో సంబంధం లేదు. తర్వాత పీసీ చివర వైరు పీకండి, ఆంప్ చివర ఉంచి. హమ్ పోయిందంటే గ్రౌండ్ లూప్: పీసీ ఒక ప్లగ్గులో, ఆంప్ ఇంకో ప్లగ్గులో ఉండి రెండు ఎర్తింగుల మధ్య తేడా ఆడియో వైరు గుండా పారుతోంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, అయినా తగ్గకపోతే మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వెయ్యండి. పీసీ ప్లగ్గు మూడో పిన్ను విరిచేసి హమ్ పోగొట్టేవాళ్ళున్నారు, ఆ పని మాత్రం చెయ్యొద్దు, షాక్ కొడుతుంది. కరెంటు పోయినప్పుడే శబ్దం వేరేగా బరబరలాడితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ గోల.

కాకినాడ కెర్నల్:

టప్ గురించి. ఐదు సెకన్లు శబ్దం లేకపోతే వైర్‌ప్లంబర్ కార్డుని నిద్రపుచ్చుతుంది. మళ్ళీ లేపేటప్పుడు టప్, మొదటి ముక్క గల్లంతు. మీ లువా ఫైలు రాసింది దానికే, కానీ ఇప్పుడది చదివేవాళ్ళు లేరు. వైర్‌ప్లంబర్ 0.5తో లువా సెట్టింగులు తీసేశారు, డెబియన్ 13లో ఉన్నది 0.5 వరసే. ఆ ఫైలుని పక్కనపెట్టేస్తుంది, అదే చిరాకు.

ఇప్పుడు ~/.కాన్ఫిగ్/వైర్‌ప్లంబర్/వైర్‌ప్లంబర్.కాన్ఫ్.డి అనే ఫోల్డర్ చేసి, అందులో .కాన్ఫ్‌తో ముగిసే ఫైలు పెట్టాలి. మానిటర్.ఆల్సా.రూల్స్ కింద మ్యాచెస్‌లో నోడ్.నేమ్ = "~ఆల్సా_అవుట్‌పుట్.*", యాక్షన్స్‌లో అప్‌డేట్-ప్రాప్స్ లోపల సెషన్.సస్పెండ్-టైమవుట్-సెకండ్స్ = 0. ఆ టిల్డ (~) గుర్తు మర్చిపోతే నక్షత్రం పనిచెయ్యదు. తర్వాత వైర్‌ప్లంబర్ని రీస్టార్ట్ చెయ్యండి. ఇంకా టప్ ఉంటే కెర్నల్ పొదుపు: /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డిలో ఒక .కాన్ఫ్ ఫైలు చేసి ‘ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డి_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0’ అని రాసి రీబూట్.

ఎక్కువ ట్రాకులున్న టైమ్‌లైన్ మీద చిటపటలొస్తే పీడబ్ల్యూ-టాప్ తెరిచి ఈఆర్‌ఆర్ గడి చూడండి. అంకె పెరుగుతుంటే పీడబ్ల్యూ-మెటాడేటా -ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్.ఫోర్స్-క్వాంటం 2048. 48000 రేటు మీద అది సుమారు 43 మిల్లీసెకన్ల బఫర్. ఎడిటింగ్‌కి పర్లేదు, మైకులో పాడుతూ వినేవాళ్ళకి మాత్రం గొంతు ఆలస్యంగా తగులుతుంది. చివర్న 2048 బదులు 0 కొడితే మామూలైపోతుంది.

భీమవరం ల్యాప్‌టాప్:

నాదీ డమ్మీ అవుట్‌పుట్టేనండి, 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్, డెబియన్ 11 నుంచి 12, అక్కడ్నుంచి 13. ఏప్లే ‘నో సౌండ్‌కార్డ్స్ ఫౌండ్’ అంటోంది. పైన చెప్పినవన్నీ చేశా, ఏం లాభం లేదు.

కాకినాడ కెర్నల్:

మీది వేరే జబ్బు, పైప్‌వైర్ జోలికి పోవద్దు. ‘సుడో డీమెసేజ్’లో ఎస్‌ఓఎఫ్ అని వెతకండి. ‘సోఫ్-టీజీఎల్.ఆర్ఐ’ ఫైలు దొరకలేదని ఉంటే ఫర్మ్‌వేర్ లేదు. ఈ ల్యాప్‌టాప్‌లలో సౌండ్ డీఎస్పీ చిప్పు ద్వారా వెళ్తుంది, దానికి ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్ ప్యాకేజీ కావాలి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్లలో చాలావాటిని నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే వేరే విభాగంలోకి మార్చారు. 11 నాటి సోర్సెస్.లిస్ట్‌లో (ప్యాకేజీలు ఎక్కడ్నుంచి తేవాలో రాసుండే ఫైలు) ఉన్నది ఒట్టి నాన్-ఫ్రీ. నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని కూడా చేర్చి ఆప్ట్ అప్‌డేట్ కొట్టి ప్యాకేజీ ఎక్కించి, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి.

నెట్లో ‘డీఎస్పీ_డ్రైవర్=1’ పెట్టమనే సలహా చూస్తారు. స్పీకర్ మోగొచ్చు, కానీ లోపలి డిజిటల్ మైకు పోతుంది. వీడియో కాల్స్ మాట్లాడేవాళ్ళు పెట్టుకోకండి.